గోటి మందం

అడెలార్ టుర్కోట్ చేతికి ఇచ్చిన వస్తువేదీ ఇచ్చినంత పొడుగున తిరిగి రాదని సెయింట్ ఓడిల్‌లో అందరూ నవ్వుకునేవారు. ప్యాంటు ఇస్తే నిక్కరు చేసి ఇస్తాడని రోజూ నలుగురూ చేరే కాఫీ బల్ల దగ్గర ఓనెసిమ్ అనేవాడు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. అతని వృత్తే కుదించడం. రైఫిల్‌కి కింద తగిలించే, పది తూటాలు పట్టే పెట్టెను తెచ్చి, నడుము కోసి, అడుగు పైకి జరిపి, అయిదంటే అయిదే పట్టేలా అతికిస్తాడు. చేత్తో బోల్టు లాగి కాల్చే తాతల నాటి రైఫిల్‌లో పది పెట్టుకున్నా అడిగేవాడు లేడు. తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిల్‌కి మాత్రం అయిదు దాటితే నేరం. అడెలార్ షెడ్డు గోడకి వాళ్ల నాన్న వాడిన పది తూటాల రైఫిల్ దర్జాగా వేలాడుతూ ఉండేది. దాని కిందే కూర్చుని అతను ఊరందరి పెట్టెలూ కోసేవాడు.

ఆ పాత పెట్టెలు ఎక్కడివంటే, ఎక్కువగా చచ్చినవాళ్లవి. పీస్ నదికి ఈవల గానీ ఆవల గానీ ఏ ముసలి రైతు పోయినా, అంత్యక్రియల భోజనంలో మాంసం కూర చల్లారకముందే అడెలార్ పికప్ ఆ ఇంటి ముందు ఆగేది. గరాజ్‌లో, పెయింటు డబ్బాల వెనక, మేకుల డ్రాయర్లలో వెతికితే ఎప్పుడో సరిహద్దు అవతలి నుంచి తెచ్చి దాచిన పెట్టెలు ఒకటో రెండో దొరికేవి. వాటిని ఆ ఇంటావిడ ముందు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి చెప్పేవాడు.

“ఇవి ఇంట్లో ఉంటే జైలే తల్లీ. నాకు లైసెన్సుంది గనక నేను పట్టుకుపోతే నీకు ఏ గొడవా ఉండదు.”

మాట నిజమే. కానీ ఆ చెప్పే తీరుకి మొగుడు పోయిన ఆడది బెదిరిపోయేది. పెట్టెలతో పాటు మొగుడి గ్రైండరు, కొత్త ఆకురాళ్లు, వెల్డింగ్ ముసుగు అన్నీ తెచ్చి పికప్‌లో పెట్టేది. గ్రైండరుకీ చట్టానికీ సంబంధం లేదని అడెలార్ చెప్పేవాడు కాదు. ఆమె అడగలేదు కదా అనుకునేవాడు. నిజాన్ని అడిగినవాళ్లకే ఇవ్వాలని, అదీ వంగి అడిగినవాళ్లకే ఇవ్వాలని అతని పద్ధతి. ఆ పద్ధతి సంగతే నేను చెప్పబోయేది.

పని మాత్రం ఎవరూ వంక పెట్టలేనిది. ఇంటి వెనక ఒకప్పుడు వాళ్లమ్మ గుడ్లు ఏరి సర్దిన షెడ్డులో, కిటికీ పక్కన అతని బల్ల. పెట్టె విప్పి లోపలి స్ప్రింగు తీస్తాడు. తూటాలను పైకి నెట్టే చిన్న పళ్లేన్ని తీసి పక్కన పెడతాడు. రేకు కోసి, దగ్గరకి లాగి, సన్నగా వెల్డింగ్ పెట్టి, అతుకు మీద వేలు రాస్తే తెలియనంత నున్నగా ఆకురాయి పడతాడు. మిగతా ఊళ్లలో వాళ్లు పక్కన ఒక రివిట్ మేకు కొట్టి అయిదు అయిందనిపించేవారు. రివిట్ అంటే అడెలార్‌కి అసహ్యం. “రివిట్ కొట్టేవాడు తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మంలో పెట్టేరకం” అనేవాడు.

అతను మొదటి నుంచీ ఇంత కచ్చితం మనిషి కాదు. వెనకటి రోజుల్లో అయిదు తూటాలు నిండాక పెట్టెలో గోటి మందం ఖాళీ వదిలేవాడు. ఎందుకంటే, బోల్టు మూసి ఉన్న రైఫిల్‌లోకి నిండు పెట్టెను కింది నుంచి తోసినప్పుడు పై తూటా ఆ బోల్టుకి తగిలి కాస్త కిందికి దిగాలి. దిగడానికి చోటుండాలి. చోటు లేకపోతే పెట్టె లోపలికి పోయినట్టే ఉంటుంది, కొక్కెం మాత్రం పట్టదు. కదిపితే జారి కింద పడుతుంది. అందుకే ఆ గోటి మందం. అది అతను వాడేవాళ్ల మీద చూపించిన దయ. ఊరికి అతని దగ్గర దొరికిన దయంతా అదేనేమో.

దాన్ని తీయించినవాడు సొంత తమ్ముడు ఫెర్నాన్.

ఫెర్నాన్‌ది తేనె వ్యాపారం. నది ఒడ్డున క్లోవర్ గడ్డి చేలల్లో అతని తేనెటీగల గూళ్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. నవ్వు ముఖం, పెద్ద గొంతు, నలుగురిలో కూర్చుంటే అయిదోవాడికి మాట దక్కనివ్వడు. ఆ ఏడు మూస్ దుప్పి వేటకి వెళ్లిన శిబిరంలో, వేటల అధికారి ఒకడు చలికి వణుకుతూ వచ్చి నిప్పు దగ్గర కూర్చున్నాడు. గిన్నెడు బఠాణీ సూపు పోసి ఇచ్చారు. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఫెర్నాన్‌కి అన్న గొప్ప చెప్పుకోవాలనిపించింది.

“మా అన్న చేతి పెట్టె అంటే ఏమనుకున్నావ్ సార్? పేరుకే అయిదు. తలుచుకుంటే ఆరు పడతాయ్. చూడు!”

గూళ్ల మూతలు పెకలించి రాటుదేలిన బొటనవేలు అది. పెట్టె అడుగుని దుంగ మీద రెండు దెబ్బలు కొట్టి, పళ్లు బిగించి, గోటి మందం ఖాళీలోకి ఆరో తూటాని కుక్కి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అధికారి సూపు గిన్నె కింద పెట్టి, పెట్టె అడిగి తీసుకుని, సంచిలో వేసుకున్నాడు.

కోర్టులో ఫెర్నాన్ దుంగ సంగతి చెప్పలేదు, దెబ్బల సంగతి చెప్పలేదు. “నాకేం తెలుసండీ? మా అన్న ఇచ్చాడు. ఆరోది తేలిగ్గానే దిగింది” అన్నాడు. ఆ ‘తేలిగ్గానే’ అన్న ముక్క అతన్ని ఇంటికి పంపించింది. అన్న లైసెన్సు పోయింది. కోసినవీ కొయ్యనివీ అన్నీ పోలీసులు ఎత్తుకెళ్లారు. బల్ల మీద ఆకురాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

లైసెన్సు లేని ఆ మూడేళ్లూ అడెలార్ మంచు మీద రాళ్లు జారించి ఆడే కర్లింగ్ రింకులో మంచు ఊడ్చాడు. ఊళ్లో అతనికి దొరికిన పని అదే. ఫెర్నాన్ జట్టు అక్కడే ఆడేది. అన్న చీపురు పట్టుకుని వస్తుంటే జట్టువాళ్లు మోచేతులతో పొడుచుకునేవారు.

“అడెలార్, ఈ డబ్బాలో ఆరో డోనట్ పడుతుందేమో చూసి పెట్టవా?”

“తేలిగ్గానే పడుతుందిరా, తమ్ముణ్ణి పిలవండి!”

ఫెర్నాన్ కూడా నవ్వేవాడు. నవ్వకపోతే తప్పు తన మీదికి వస్తుందని నవ్వేవాడో, నిజంగానే నవ్వొచ్చి నవ్వేవాడో వాడికే తెలియాలి. అడెలార్ తల ఎత్తకుండా ఊడ్చుకుపోయేవాడు. అతనికి తమ్ముడి నుంచి ఒక్క మాట కావాలి. ‘నేనే కుక్కానన్నయ్యా, అబద్ధం చెప్పాను’ అనాలి. అది వినాలని చెవులు కాచుకుని కూర్చున్నాడు. తమ్ముడు అనలేదు. అనకపోగా, క్రిస్మస్‌కి ఒక తేనె బకెట్ గుమ్మంలో పెట్టి వెళ్లాడు. అడెలార్ దాన్ని పందులకి పోశాడు.

లైసెన్సు తిరిగొచ్చాక అతని చేతి పని మారిపోయింది. గోటి మందం తీసేశాడు. అయిదో తూటా కూర్చుంటే ఇక లోపల గాలి దూరేంత కూడా సందు ఉండదు. ప్రతి పెట్టెలోనూ ఉత్తుత్తి తూటాలు అయిదు వేసి, ఆరోదాన్ని వడ్రంగి బిగింపులో పెట్టి తిప్పేవాడు. వెంట్రుకంత కదిలినా ఆ పెట్టె తుక్కులోకి పోయేది. కొన్నవాళ్లు గోల పెట్టారు.

“ఇదేం పెట్టె అడెలార్? నింపి తోస్తే పట్టదు, ఒళ్లో పడుతుంది!”

“నాలుగు వేసుకో. పట్టుకుంటుంది.”

“చట్టం అయిదిచ్చింది కదయ్యా!”

“చట్టం ఇచ్చింది. నేనూ ఇచ్చాను. లెక్కపెట్టుకో, అయిదు పడతాయి. రైఫిల్‌లో కూర్చోవాలంటే నాలుగు వెయ్యి.”

పోను పోను ఊరు అలవాటు పడింది. కాఫీ బల్ల దగ్గర పాచికలు వేసేటప్పుడు అయిదు పడితే చాలు, “అడెలార్ అయిదు, నాలుగని రాయ్!” అని అరిచేవారు. ఎవరైనా డబ్బు తక్కువిస్తే “అడెలార్ అయిదిచ్చాడు” అనేవారు. ఆ ముక్క పిల్లల నోళ్లలో కూడా నానింది. అది పెట్టె గురించిన నిజమని రైఫిల్ పట్టేవాళ్లకి తెలుసు. ఫెర్నాన్ ఒక్కడికి మాత్రం అది ఎగతాళిగానే తెలుసు. తను బల్ల దగ్గరికి రాగానే ఆ అరుపు రెట్టింపయ్యేది. తన కోర్టు సంగతి గుచ్చడానికే అంటున్నారని వాడు ఉడికిపోయేవాడు. అన్న చేసిన పెట్టె వాడు మళ్లీ ముట్టుకున్నది లేదు.

ఆ వసంతంలో ఒక ముసలి నల్ల ఎలుగు ఫెర్నాన్ గూళ్ల మీద పడింది. కరెంటు కంచె దాన్ని ఆపలేదు. వీపు మీద బొచ్చు కాలిన చారతోనే తోసుకుని వచ్చి, గూళ్లు బోర్లా తన్ని, తేనె, పిల్లపురుగులు, మైనం కలిపి మేసి పోయేది. ఫెర్నాన్‌కి రైఫిల్ ఉంది, పెట్టె లేదు. ఉన్న ఒక్కటీ గూళ్లు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి చక్రం కింద పడి అప్పడమైంది. ఆ రకం రైఫిల్ చెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. దాని పాత పెట్టెలు ఎడ్మంటన్ దాకా వెతికినా దొరకలేదు. ఉన్నవల్లా అడెలార్ బీరువాలో ఉన్నాయి.

ఫెర్నాన్ పెళ్లాం జెర్మేన్ పోరి పోరి మొగుణ్ణి ఆదివారం ప్రార్థన అయ్యాక షెడ్డుకి తీసుకొచ్చింది. జెర్మేన్ మాట తక్కువ మనిషి. చర్చి కోటుతోనే గుమ్మంలో నిలబడింది. అన్నదమ్ములు ఎదురుపడి మాట్లాడుకోవడం రింకు రోజుల తర్వాత అదే మొదలు.

“ఏరా, దారి తప్పావా?” అన్నాడు అడెలార్, చేతిలో ఆకురాయి ఆపకుండా.

“పెట్టె కావాలి.”

“ఆరు పట్టేదా?”

ఫెర్నాన్ ముఖం కందగడ్డయింది. జెర్మేన్ మోచెయ్యి పట్టుకుంది.

“బావగారూ, ఎలుగు సగం గూళ్లు పాడుచేసింది. నిన్న ఇంటి మెట్ల దాకా వచ్చింది. మీరు తప్ప ఇచ్చేవాళ్లు లేరు.”

“ఇస్తానమ్మా, ఎందుకివ్వను? ఒక్కటే కోరిక. కోర్టులో మీ ఆయన ఏదో ముద్దుగా అన్నాడు. అది తప్పని ఇక్కడ, ఈ బల్ల దగ్గర అనమను. మన ముగ్గురమే కదా ఉన్నాం.”

“పాత శవాల్ని తవ్వకు అన్నయ్యా” అన్నాడు ఫెర్నాన్.

“శవాలు తవ్వే బతుకే నాది. నీకు కావలసిన పెట్టె కూడా మొన్న పోయిన గొనోవా ముసలాయన గరాజ్‌లో దొరికిందే.”

“నేను అనను. లైసెన్సు నీది, పెట్టె నువ్వు చేశావు. ఖాళీ వదిలింది నువ్వు!”

అడెలార్ ఆకురాయి కింద పెట్టాడు. ఆ ఖాళీ ఎందుకు వదిలాడో ఈ ప్రపంచంలో ఎవరికి తెలిసినా తెలియకపోయినా తమ్ముడికి తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాడు అతనే. ఒళ్లు మండిపోయింది. కానీ పైకి నవ్వాడు. లేచి బీరువా తెరిచి, పొడుగు పెట్టె ఒకటి తీసి, ఆ పూటే కోశాడు. వాళ్లిద్దరినీ కూర్చోమనలేదు. కాఫీ పొయ్యలేదు. జెర్మేన్ కోటులోనే చెమటలు కక్కుతూ నిలబడి చూసింది. అతికించి, చల్లార్చి, రాసి, అయిదు ఉత్తుత్తి తూటాలు వేసి, ఆరోదాన్ని బిగింపుతో నొక్కి చూపించాడు. కదల్లేదు.

“చూడు, ఈసారి నీ బొటనవేలికి కూడా దారి లేదు” అని తమ్ముడి చేతిలో పెట్టాడు. పెట్టి, పెదవి ఒక పక్కకి వంచి, కాఫీ బల్ల దగ్గర వాళ్లంతా అనే గొంతుతో అన్నాడు. “నాలుగే వేసుకో నాయనా. అడెలార్ అయిదంటే నాలుగు. తెలుసుగా?”

నిజం చెప్పాడు. ఎవరు వచ్చి అడిగినా చెప్పానని ప్రమాణం చెయ్యగలడు. అయితే దాన్ని చెప్పిన గొంతు వేరు. రాళ్లు విసిరేవాడు వాటితో పాటు రొట్టె విసిరాడంటే తినేవాడెవడు? ఫెర్నాన్ చెవికి అందులో రింకు, డోనట్లు, పాచికలు, నవ్వులు, అన్నీ ఒక్కసారే వినిపించాయి, ఒకప్పుడు అన్న దగ్గర నేర్చుకున్న గోటి మందం సంగతి తప్ప.

“చట్టం నాకు అయిదిచ్చింది. నువ్వెవడివి నాలుగనడానికి?” అని పెట్టె కోటు జేబులో కుక్కుకుని బయటికి పోయాడు.

జెర్మేన్ వెంటనే వెళ్లలేదు. మొగుడు ట్రక్కు ఎక్కేదాకా ఆగి, బల్ల దగ్గరికి వచ్చింది.

“బావగారూ, ఒక్క మాట. ఆ నాలుగన్నది ఎగతాళికా, నిజంగానా?”

అడెలార్ ఆమె ముఖంలోకి చూశాడు. ఎలుగంటే ఉన్న భయం, మొగుడంటే ఉన్న విసుగు, ఈ ఇంటి గుమ్మం తొక్కినందుకు సిగ్గు, అన్నీ ఉన్నాయందులో. రెండు ముక్కలు చెబితే అయిపోయేది. ‘నిజమే తల్లీ. అయిదు వేస్తే కొక్కెం పట్టదు’ అంటే సరిపోయేది. ఆ మాట అతని నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ పొద్దుటి నుంచీ తను అడిగింది ఒక్క మాట, అది ఇవ్వకుండా తమ్ముడు వెళ్లిపోయాడు. తను మాత్రం ఊరికే ఎందుకివ్వాలి?

“నాకేం తెలుసు? మీ ఆయన్నే వచ్చి అడగమను” అన్నాడు.

జెర్మేన్ ఇంకో క్షణం నిలబడింది. ట్రక్కు హారన్ మోగింది. వెళ్లింది.

దారిలో ఆమె మొగుడితో చెప్పింది. “నిన్నే వచ్చి అడగమంటున్నాడు. ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?” ఫెర్నాన్ స్టీరింగ్ మీద గుద్ది, “ఎలుగు నోట్లో అయినా తల పెడతా గానీ వాడి గుమ్మంలో పెట్టను” అన్నాడట. ఆ మాట జెర్మేన్ తర్వాత ఎవరికీ చెప్పేది కాదు, తన చెల్లెలికి తప్ప. చెల్లెలి నోటి నుంచి ఊరికి వచ్చింది.

మర్నాడు తెల్లవారి మంచు విడుతుండగా ఎలుగు వచ్చింది. ఫెర్నాన్ పెట్టెలో అయిదు తూటాలు వేశాడు. జెర్మేన్ చూస్తుండగా, ఆమెకి కనపడేలా, ఒక్కొక్కటే గట్టిగా నొక్కి వేశాడు. బోల్టు మూసి ఉన్న రైఫిల్‌లోకి కింది నుంచి అరచేత్తో కొట్టాడు. లోపలికి పోయినట్టే ఉంది. ట్రక్కు దిగి, తడి క్లోవర్‌లో నడిచి, గూళ్ల దగ్గరికి వెళ్లాడు. ఎలుగు తల గూటిలో పెట్టి మేస్తోంది. ఇరవై అడుగుల్లో నిలబడి, తూటా ఎక్కించడానికి బోల్టు వెనక్కి లాగాడు. పెట్టె జారి గడ్డిలో పడింది. చప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. ఎలుగు తల పైకెత్తి ఫెర్నాన్ మీద పడడానికి ఆ చప్పుడు చాలింది.

జెర్మేన్ ట్రక్కు హారన్ మీద పడి నొక్కింది. కదల్లేదది. చివరికి గూళ్ల మీంచే ట్రక్కు తోలి, ఎలుగు పక్కటెముకల్లోకి పోనిచ్చింది. అది కుంటుకుంటూ పొదల్లోకి పోయేసరికి ఫెర్నాన్ ముఖం ముక్కు కింది నుంచి లేదు. దవడ పోయింది. నాలుక సగం పోయింది. చచ్చి ఉంటే బాగుండునని ఊళ్లో కొందరు మెల్లిగా, కొందరు పైకే అన్నారు. చావలేదు.

పోలీసు కార్పొరల్ స్టెడ్మన్ గడ్డిలో దొరికిన పెట్టెతో షెడ్డుకి వచ్చాడు. కార్పొరల్ కొత్తవాడు, మర్యాదస్తుడు. అయిదు వేశాడు. ఆరోది తన బొటనవేలితో నొక్కాడు, బల్ల అంచున పెట్టి నొక్కాడు, అడెలార్ బిగింపు అడిగి తీసుకుని దానితో నొక్కాడు. కదల్లేదు.

“నేను చూసిన పెట్టెల్లో ఇంత శుభ్రమైన పని లేదండీ. మీకు ఇబ్బందేమీ ఉండదు. చట్టం అడిగేది ఆరు పట్టకూడదనే, అంతే. పోతే, నాలుగు వేసుకోమని మీరు చెప్పారా?”

“చెప్పాను.”

“చెప్పాడండీ” అంది గుమ్మంలోంచి జెర్మేన్. వాంగ్మూలం కోసం కార్పొరల్ ఆమెని వెంట తెచ్చుకున్నాడు. “నేను విన్నాను. చెప్పాడు.”

అంతే అంది. తను అడిగిన సంగతి గానీ, దానికి వచ్చిన జవాబు గానీ ఎత్తలేదు. అడెలార్ ఆమె వంక చూశాడు. ఆమె కార్పొరల్ బూట్లకేసి చూస్తోంది. ఆమె అరిచి తిట్టి ఉంటే, మీద ఉమ్మి ఉంటే అతను ఏదో ఒకటి తిరిగి అనేవాడు. తమ్ముడి పొగరు గురించి, కోర్టు గురించి, ఆ ‘తేలిగ్గానే’ గురించి చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. చెప్పడానికి చోటు దొరకలేదు.

కాఫీ బల్ల వాళ్లయితే ఒక్క గొంతుతో అతని పక్షాన నిలబడ్డారు.

“ఊరంతటికీ తెలిసిన ముక్క కదరా, నాలుగని! చెవిటివాడా ఫెర్నాన్?”

“చెప్పినా వినకపోతే ఎవడేం చేస్తాడు?”

“నీ తప్పేం లేదు అడెలార్. ఇవాళ కాఫీ నాది” అన్నాడు ఓనెసిమ్. అన్నాక పాచికలు వేశాడు. అయిదు పడింది. ఎవరూ అరవలేదు. ఆ రోజు నుంచి ఆ ఎగతాళి ఆ బల్ల దగ్గర చచ్చిపోయింది. అడెలార్ ముందు ఎవరైనా మరిచిపోయి అయిదు అనే మాట అన్నా పక్కవాడు కాలు తొక్కేవాడు. రింకులో మూడేళ్లు పడ్డ నవ్వుల కంటే ఆ కాలు తొక్కడం అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

క్లోవర్ కోతలయ్యాక, ఒక శనివారం మధ్యాహ్నం ఫెర్నాన్ ట్రక్కు షెడ్డు ముందు ఆగింది. జెర్మేన్ తోలుతోంది. ఫెర్నాన్ తనే దిగాడు. ముక్కు కింది నుంచి మెడ దాకా గుడ్డ చుట్టి ఉంది. చేతిలో ఆ పెట్టె. కార్పొరల్ తిరిగి ఇచ్చేశాడు, చట్టప్రకారం అందులో దోషం లేదు కదా. లోపలికి వచ్చి, అన్నకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, పెట్టెని బల్ల మీద పెట్టాడు.

అడెలార్ చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. ఇన్నాళ్లూ మనసులో దిద్దుకుని పెట్టుకున్న మాట అప్పటికి బయటికి వచ్చింది.

“నాలుగే వెయ్యాలిరా ఫెర్నాన్. అయిదు వేస్తే కొక్కెం పట్టదు. నేను సరిగ్గా చెప్పలేదు. చెప్పాల్సినట్టు చెప్పలేదు.”

ఫెర్నాన్ గుడ్డ కిందికి లాగాడు. అడెలార్ చూపు తిప్పుకోబోయాడు. ఫెర్నాన్ వేలితో బల్ల మీద కొట్టి, ఇటు చూడమన్నాడు. చూశాక, నోరుండాల్సిన చోటు నుంచి ఒక ధ్వని చేశాడు. పొడుగ్గా, తడిగా, మధ్యలో రెండు చోట్ల విరుగుతూ వచ్చింది. మాటే అది. ఏదో ఒక మాట. పూర్తి చేశాక చొంగ తుడుచుకుని, జవాబు కోసం అన్న కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

అడెలార్‌కి ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఇదేనేమో. ఇన్నేళ్లూ కాచుకున్నది ఇదేనేమో. నేనే కుక్కానన్నయ్యా అంటున్నాడేమో. కాక, నువ్వే నన్ను చంపావురా కుక్కా అంటున్నాడేమో. రెండిటికీ సరిపోయేటంత పొడుగుంది ఆ ధ్వని. బల్ల మీది పెన్సిలు, అట్టముక్క తమ్ముడి ముందుకి జరిపాడు.

“రాయరా. రాసి చూపించు.”

ఫెర్నాన్ చేతులకి దెబ్బ తగల్లేదు. చక్కగా రాయగలడు. పెన్సిలుని వేలితో చిమ్మి కింద పడేశాడు. మళ్లీ అదే ధ్వని, అంతే పొడుగున, అవే రెండు చోట్ల విరుస్తూ అన్నాడు.

అడెలార్ గుమ్మం వైపు తిరిగాడు. జెర్మేన్ అక్కడే నిలబడి ఉంది. ఆస్పత్రిలో నెలల తరబడి పక్కనున్నది ఆమే. ఆ ధ్వనులను బట్టే ఆమె వాడికి నీళ్లు పడుతోంది, దుప్పటి కప్పుతోంది, ట్రక్కు తోలుతోంది. ఆమెకి తెలియకుండా ఉండదు.

“అమ్మా జెర్మేన్” అన్నాడు. తన గొంతులో అంత బతిమాలుడు ఉందని అతనికే తెలియదు. “ఒక్క మాట చెప్పు తల్లీ. వీడేమంటున్నాడు?”

జెర్మేన్ కోటు గుండీ పెట్టుకుంది.

“నాకేం తెలుసు బావగారూ? మీ తమ్ముణ్ణే అడగండి” అంది.

అడిగాడు. ఫెర్నాన్ చెప్పాడు. అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాడు. చీకటి పడే వేళకి జెర్మేన్ మొగుడికి గుడ్డ కట్టి తీసుకెళ్లింది. మరుసటి శనివారం మళ్లీ తీసుకొచ్చింది. ఇప్పటికీ తీసుకొస్తోంది. అడెలార్ ఆ పూట ఎవరి పెట్టెనూ కొయ్యడు. రేడియో కట్టేసి, కిటికీ మూసి, తమ్ముడి ముఖానికి చెవి ఆనించి కూర్చుంటాడు.